ఐదో టేకు

కాజీపేట యార్డు మూలకు
తుప్పు పట్టిన డబ్బాలు మూడు
రంగు పూసి నిలబెట్టిండ్రు.
పలక మీద ఉర్దూల ఊరి పేరు రాసిండ్రు.
నా పని మనుషుల్ని తోలుకపోవుడు.
తలకు నాలుగు వందలు, అండ్ల నాకు యాభై,
పగటీలి పప్పన్నం పొట్లం.
"ముసలోళ్లు కావాలె, పాతకాలం మొఖాలు" అన్నరు.
కొత్తవాడల పాత మొఖాలకు కరువా!

అట్ల ఎక్కింది నా ఆటోల వేముల అంకుబాయి,
జంపఖానాల దారం గుంజి గుంజి
వేళ్ల సందులు కాయలు కాసిన మనిషి.
దారి పొడుగూత కథ చెప్పిన:
కరువొస్తది. తండ్రి కొడుకును తీస్కొని
సోలాపూరు మిల్లుకు పోతడు.
తల్లీబిడ్డలు ఈడ్నే ఉంటరు.
నువ్వు గుంపుల నిలబడి ఏడ్వాలె, గంతే.
ఆమె బయటికి చూసింది.
"ఎవరు చెప్పిండ్రురా వీళ్లకు?"
ఎవరూ చెప్పలే పెద్దమ్మా, సినిమా.

మొదటి టేకు.
రైలు కదిలింది. నలభై మంది ఏడ్చిండ్రు.
అంకుబాయి ఏడ్వలే.
డైరెక్టరు పిలగాడు మంచోడే, వంగి చెప్పిండు:
"అవ్వా, నీ మనవడు పోతున్నడనుకో."
"మనవడు కాదు, తమ్ముడు" అన్నది.
"వాని పేరు ఆశాలు. ఆరేండ్లు.
కండెలు చుట్టెతందుకు పనికొస్తడని
నాయిన వాన్నే తీస్కపోయిండు.
మేమప్పుడు ఏడ్వలే, బిడ్డా.
చెరొక పుట్నాల పొట్లం ఇచ్చిండు నాయిన.
ఎక్కే ఆగమాగంల
వాని పొట్లం నా చేతుల మరిచిండు.
రైలు పోతాంటే నేను అనుకున్న,
రెండూ నాయే అని."

మైకు పట్టుకున్నోడు తల దించుకుండు.

రెండో టేకుకు రైలు వెనక్కి వచ్చింది.
నిజంగనే వచ్చింది. ఇంజను నెట్టింది.
పోయిన డబ్బా పోయిన తొవ్వల్నే మర్లింది.
కిటికీల పిలగాడు, హైదరాబాదు పిలగాడు,
అదే అంగీ, అదే టోపీ,
దిగి, నీళ్లు తాగి, మళ్ల ఎక్కిండు.
అంకుబాయి నోరు తెరిచి చూసింది.

మిగిలింది పప్పన్నం కాడ చెప్పింది.
ఎమర్జెన్సీ ఏడు వచ్చిండట ఒక్కసారి.
వేముల ఆడి నోళ్లల్ల అరిగి అరిగి
యేముల్ అయిందట.
మిల్లుల మరాఠీ, పిల్లలతోని మరాఠీ,
దేవునికి మొక్కుడు మరాఠీ.
అక్కతోని మాట్లాడుదామంటే
వాని తాన ఉన్నది ఆరేండ్ల తెలుగు.
బువ్వ. బూచి. అక్కా, ఉప్పెక్కించు.
మీసాలున్న మనిషి,
పెండ్లాం సచ్చిపోయిన ముచ్చట
ఆ మాటలల్లనే చెప్పజూసిండట:
"బజ్జున్నది. లేస్తలేదు."
మూడో దినానికి ఇద్దరికీ మాటలొడిసినయి.
మగ్గం కాడ కూసొని
గంపెడు కండెలు చుట్టిపెట్టి పోయిండట.
"అండ్ల సగం ఇంకా నేయలేరా నేను."

మూడో టేకుల ఆమె కెమెరా దిక్కు చూసింది.
నాలుగో టేకుల రైలుకు వీపు వెట్టి నిలబడ్డది.
"ఎక్కడ దొరికిందిరా ఈ ముసల్ది, మార్చు!"
నన్ను తిట్టిండ్రు.
మార్చెటోన్నే, గని
ఇంజను కూత పెట్టి నెడతాంటే
ఆమె మొఖం చూసిన.

పోతాంటే కాదు ఆమె ఏడ్చేది.
కెమెరా బందు వెట్టినంక,
అందరు చాయ్‌కి ఉరికినంక,
డబ్బాలు మర్లివస్తాంటే.

ఐదో టేకు ఓకే అన్నరు.
రైలు సిగ్నలు అవతల్నే ఆగింది.
ఇగ దానికి వెనక్కొచ్చే పని లేదు.
పిలగాన్ని వాళ్లమ్మ కారుల తీస్కపోయింది.

అంకుబాయి కాయితం మీద వేలిముద్ర ఏసింది.
నా యాభై నేను కోసుకున్న.
ఫాతిమానగర్ బ్రిడ్జి దాటినంక అడిగింది,
"రేపు గూడ ఉంటదా ఆ రైలు?"
రేపు పెండ్లి సీను పెద్దమ్మా, వేరే జాగ.
"పెండ్లికి నేనొద్దు" అన్నది.